న్యూయార్క్‌లో మంచి ఎగ్ అండ్ చీజ్ శాండ్‌విచ్ పట్టుకోవడం ఎలా

న్యూయార్క్‌కో, నది అవతల జెర్సీ సిటీకో, ఎడిసన్‌కో కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది: పొద్దున్నే ఆఫీసుకో క్లాసుకో వెళ్తూ తినడానికి మంచి బ్రేక్‌ఫాస్ట్ శాండ్‌విచ్ ఏ షాపులో దొరుకుతుంది? ఒక షాపు పేరు చెప్పి ఊరుకోవచ్చు. కానీ అది మీ ఇంటికి నలభై నిమిషాల దూరంలో ఉంటే ఏం లాభం? పైగా ఒకే షాపులో పొద్దున గ్రిల్ దగ్గర నిలబడే మనిషి చేసింది ఒకలా ఉంటుంది, మధ్యాహ్నం వచ్చే మనిషి చేసింది ఇంకోలా ఉంటుంది. అందుకే మీ ఇంటికి లేదా స్టేషన్‌కి ఐదు నిమిషాల నడకలో ఉన్న షాపుల్లోంచి మంచిదాన్ని మీరే గుర్తుపట్టే పద్ధతి ఇక్కడ చెబుతున్నాం. మాంసం తిననివాళ్లు, గొడ్డుమాంసమో పందిమాంసమో ముట్టనివాళ్లు ఆరో మెట్టును తప్పకుండా చదవండి. మనవాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడేది అక్కడే.

ముందు వస్తువేమిటో తెలియాలి. అరచేతి వెడల్పు ఉన్న గుండ్రటి రోల్, అందులో రెండు గుడ్లు, అమెరికన్ చీజ్. ఇది ఎగ్ అండ్ చీజ్. బేకన్ (ఉప్పు పట్టించి పలచగా కోసిన మాంసం, సాధారణంగా పందిది) చేరితే బేకన్ ఎగ్ అండ్ చీజ్, రాతలో బీఈసీ. దీన్ని అమ్మేది ఎక్కువగా బొడేగాలు, అంటే వీధి మూలన ఉండే చిన్న కిరాణా కొట్లు. పాలు, సబ్బు, లాటరీ టికెట్లతో పాటు లోపల ఒక గ్రిల్ కూడా ఉంటుంది. గ్రిల్ అనగానే కమ్మీల పొయ్యి అనుకోకండి. ఇది మన టిఫిన్ సెంటర్‌లో దోశలు పోసే పెనం లాంటి సాపైన ఇనుప పలక.

కావలసినవి

- నగదు 10 డాలర్లు, వీలైతే చిల్లరగా
- పొద్దున 7:30 నుంచి 9:30 లోపు ఇరవై నిమిషాల తీరిక
- ఫోనులో మ్యాప్
- కాగితం రుమాళ్లు (షాపులో అడిగితే ఇస్తారు)
- మీరు ఏమేం తినరో ముందే తేల్చుకున్న స్పష్టత. క్యూలో నిలబడి ఆలోచించే వ్యవధి ఉండదు.

1. మూడు షాపులు ఎంచుకోండి

మ్యాప్‌లో "బ్రేక్‌ఫాస్ట్ శాండ్‌విచ్" అని వెతకకండి. అలా వెతికితే బ్రియోష్ (వెన్న, గుడ్లు వేసి చేసే మెత్తటి రొట్టె) బన్నులో అవకాడో పెట్టి, కూర్చోబెట్టి వడ్డించే కెఫేలు పైకి వస్తాయి. అవి వేరే రకం, ధర కూడా వేరే. "డెలి" (శాండ్‌విచ్‌లు చేసి ఇచ్చే కొట్టు), "డెలి గ్రోసరీ", "బేగెల్స్" (మధ్యలో రంధ్రం ఉండే గుండ్రటి రొట్టెలు) అని విడివిడిగా వెతకండి. నడక దూరంలో ఉన్నవి మూడు చాలు.

బొడేగాలకు నక్షత్రాల రేటింగును పట్టించుకోనక్కర్లేదు. బీరు ధర ఎక్కువ ఉందనో, ఏటీఎం పనిచేయలేదనో ఒక నక్షత్రం ఇచ్చినవాళ్లు కూడా ఆ లెక్కలో ఉంటారు. రివ్యూల లోపల "ఎగ్", "రోల్" అనే మాటలు వెతకండి. ఫొటోలను కొత్తవి ముందు వచ్చేలా పెట్టి, సగానికి కోసిన శాండ్‌విచ్ బొమ్మ ఉందేమో చూడండి. కోతలో గుడ్డు రోల్ అంచుదాకా పరుచుకుని, చీజ్ కరిగి కనిపిస్తే ఆ షాపు జాబితాలో ఉంచండి. మెనూ బోర్డు ఫొటోల్లో ధరలు పాతవై ఉండొచ్చు. 2025 మార్చిలో అమెరికాలో డజను గుడ్ల సగటు ధర 6.23 డాలర్లకు ఎక్కింది. ఆ ఏడాదికి ముందు తీసిన బోర్డులను నమ్ముకుని వెళ్లకండి.

2. వేళ చూసుకుని వెళ్లండి

ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర మధ్య మంచి సమయం. అప్పటికి గ్రిల్ బాగా కాగి ఉంటుంది, రోల్స్ ఆ తెల్లవారుజామున వచ్చినవై ఉంటాయి, ఆర్డర్లు వరసగా పడుతుంటాయి కాబట్టి ఏదీ నిలవ ఉండదు. మధ్యాహ్నం రెండింటికి వెళ్లి "బాగాలేదు" అని తీర్మానించడం అన్యాయం. అప్పటికి రోల్ ఎండిపోతుంది, గ్రిల్ మనిషి మారిపోతాడు.

పదకొండు దాటాక ఇంకో సంగతి ఉంది. బర్గర్లు, చాప్డ్ చీజ్ మొదలవుతాయి. చాప్డ్ చీజ్ అంటే గొడ్డుమాంసం ఖీమాను గ్రిల్ మీద చీజ్‌తో కలిపి కొట్టి రోల్‌లో పెట్టేది. మీ గుడ్డు కూడా అదే పెనం మీద పడుతుంది. రాత్రంతా తెరిచి ఉండే షాపుల్లో తెల్లవారుజాము దాకా ఇదే పని నడుస్తుంది.

3. బయట నిలబడి చూడాల్సినవి

రెస్టారెంట్ల కిటికీలో ఏ, బీ, సీ అక్షరాలున్న కార్డు కనిపిస్తుంది. నగర ఆరోగ్య శాఖ 2010 నుంచి ఇస్తున్న గ్రేడు అది. తనిఖీలో దొరికిన లోపాలకు పాయింట్లు వేస్తారు. 13 వరకూ ఉంటే ఏ, 14 నుంచి 27 అయితే బీ, 28 లేదా అంతకంటే ఎక్కువైతే సీ. బేగెల్ షాపుల్లో దీన్ని చూడండి. బొడేగాల్లో చాలావాటికి ఈ కార్డు ఉండదు. కంగారుపడకండి. కిరాణా కింద నమోదైన షాపులను తనిఖీ చేసేది రాష్ట్ర వ్యవసాయ, మార్కెట్ల శాఖ. అక్కడ గ్రేడు బదులు మీ కళ్లనే నమ్ముకోవాలి: నేల, కౌంటరు, కూరగాయలు పెట్టిన గాజు పెట్టె, మనిషి చేతి తొడుగులు.

గాజు కింద దీపం వెలుతురులో శాండ్‌విచ్‌లు ముందే చుట్టి వరసగా పేర్చి ఉంటే అక్కడ ఆగకండి. న్యూయార్క్ నిబంధనల ప్రకారం వేడిగా ఉంచి అమ్మే పదార్థం 140 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 60 డిగ్రీల సెల్సియస్ పైనే ఉండాలి. ఆ వేడిలో గంట కూర్చున్న గుడ్డు రబ్బరులా సాగుతుంది, రోల్ అడుగు తడిసి ముద్దవుతుంది.

పనివాళ్లు వరసలో ఉన్నారా చూడండి. సిమెంటు అంటిన బూట్లవాళ్లు, ఆసుపత్రి బట్టల్లో ఉన్నవాళ్లు, బస్సు డ్రైవర్లు. రోజూ ఒకే వేళకి వచ్చేవాళ్లు బాగాలేని చోటుకి రెండోసారి రారు.

4. గ్రిల్‌ని చూడండి

ఎక్కువ నిమిషాలు ఇక్కడే పెట్టండి. ఆర్డర్ చెప్పకముందే ఇద్దరు ముగ్గురు కస్టమర్లకు చేసే తీరు గమనించండి.

గుడ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి? గ్రిల్ పక్కన అట్టల్లో పెంకు గుడ్లు ఉండి, ఆర్డర్ వచ్చాక పగలగొడితే మంచిది. డబ్బాలోంచి పసుపు ద్రవం పోస్తుంటే ముందే గిలక్కొట్టినది. తినడానికి ప్రమాదమేమీ లేదు, కానీ పలచటి రేకులా వస్తుంది, రుచి చాలదు. ముందే వండిన గుండ్రటి గుడ్డు బిళ్లను మైక్రోవేవ్‌లో పెడుతుంటే బయటికి వచ్చేయండి.

పెనం గీకుతున్నాడా? ప్రతి రెండు మూడు ఆర్డర్లకూ అట్లకాడతో గీకి మాడును ముందున్న గాడిలోకి తోసేవాడు జాగ్రత్తపరుడు. నల్లటి మాడు పేరుకున్న పెనం మీద గుడ్డు తెల్లసొన బూడిదరంగు చుక్కలతో లేస్తుంది.

చీజ్ ఎప్పుడు వేస్తున్నాడు? గుడ్డు ఇంకా పెనం మీద ఉండగానే చీజ్ పరవాలి. గుడ్డును రోల్‌లో పెట్టాక చల్లటి చీజ్ వేస్తే అది కరగదు, తినేటప్పుడు పళ్లకు అట్టలా తగులుతుంది. ఇక్కడ అమెరికన్ చీజే వాడటానికి కారణం ఉంది. అందులో కలిపే లవణాలు కొవ్వునూ నీటినీ విడిపోకుండా పట్టి ఉంచుతాయి, అందుకే నిమిషంలో సమంగా కరుగుతుంది. చెడ్డర్ అయితే నూనె వదిలి ముద్దకడుతుంది.

బేకన్‌ను ముందే వండి పక్కన గుట్టగా ఉంచడం మామూలే, తప్పేమీ లేదు. ఇచ్చే ముందు మళ్లీ పెనం మీద వేసి వేడి చేస్తున్నాడో లేదో అదే చూడాలి.

5. రోల్ సంగతి

గుడ్డు ఎంత బాగా వండినా రోల్ పాతదైతే శాండ్‌విచ్ పోయినట్టే. పైన ఐదు రేకుల్లా తిరిగి ఉండేది కైజర్ రోల్. కొన్నిటి మీద గసగసాలు చల్లి ఉంటాయి. న్యూజెర్సీలో దీన్నే హార్డ్ రోల్ అంటారు. పేరులో గట్టిదనం ఉన్నా లోపల మెత్తగానే ఉంటుంది.

రోల్స్ పెట్టిన పెట్టెని చూడండి. పైపొర నిగనిగలాడుతూ, నొక్కితే పలచగా చిట్లి మళ్లీ పైకి లేవాలి. ముడతలు పడి ఉంటే నిన్నటిది. ప్లాస్టిక్ కవర్లో మూటకట్టి, తోలులా మెత్తబడి ఉంటే సూపర్‌మార్కెట్ బన్ను. తెల్లవారుజామున షాపు తలుపు దగ్గర పొడవాటి కాగితం సంచులు దింపి ఉంటే అది శుభసూచకం. బేకరీ నుంచి రోజూ వస్తున్నాయన్నమాట.

రోల్‌ను కోసి లోపలి భాగాన్ని పెనానికి ఆనించి కాల్చే షాపు మంచిది. ఆ కాలిన పొర గుడ్డు తడినీ కెచప్‌నూ పీల్చుకోకుండా అడ్డుపడుతుంది. కాల్చకుండా ఇస్తుంటే "టోస్టెడ్" అని మీరే అడగండి. అదనంగా డబ్బు తీసుకోరు.

ప్రత్యామ్నాయం బేగెల్. ముందు నీళ్లలో ఉడికించి తర్వాత కాలుస్తారు కాబట్టి సాగుడుగా ఉంటుంది, కడుపు నిండుతుంది. అయితే గట్టి బేగెల్‌ను కొరికినప్పుడు లోపలి గుడ్డు పక్కనుంచి జారిపోతుంది. నడుస్తూ తినేవాళ్లకు రోల్ మేలు. హీరో అని బోర్డు మీద ఉంటే అది పొడవాటి రొట్టె. గుడ్లు ఎక్కువ, ధర ఎక్కువ, ఒకరికి ఎక్కువే.

6. మీరు తిననివి మీ ప్లేటులోకి రాకుండా

ఒక్కొక్కటిగా చూద్దాం.

*పందిమాంసం వద్దనుకునేవాళ్లు.* బేకన్, హామ్, మామూలు సాసేజ్ బిళ్ల పందిమాంసమే. ఉత్తర జెర్సీలో టేలర్ హామ్ అనీ, దక్షిణ జెర్సీలో పోర్క్ రోల్ అనీ రాసేది కూడా పందిమాంసమే. రెండూ ఒకటే పదార్థం. ట్రెంటన్‌లో జాన్ టేలర్ 1856లో తయారుచేసినది.

*గొడ్డుమాంసం వద్దనుకునేవాళ్లు.* హలాల్ బోర్డు ఉన్న షాపులో ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. నగరంలో చాలా బొడేగాలను యెమెన్ నుంచి వచ్చిన కుటుంబాలు నడుపుతున్నాయి. వాటిలో కొన్ని పంది బేకన్ కూడా అమ్ముతాయి, కొన్ని అసలు అమ్మవు. అమ్మని చోట "బేకన్" అంటే బీఫ్ బేకన్ కావచ్చు, టర్కీ కోడిది కావచ్చు. పంది లేదని నిశ్చింతగా తీసుకుంటే చేతికి గొడ్డుమాంసం రావచ్చు. "ఈజ్ ద బేకన్ పోర్క్, బీఫ్ ఆర్ టర్కీ?" అని మూడు పేర్లూ చెప్పి అడగండి. సాసేజ్‌కీ ఇదే ప్రశ్న. అవునా కాదా అని అడిగితే హడావుడిలో "యెస్" అనేస్తారు. మూడిట్లో ఏదని అడిగితే సరైన జవాబు వస్తుంది.

*గుడ్డు తింటారు, మాంసం అంటకూడదు.* కేవలం ఎగ్ అండ్ చీజ్ అడిగినా, మామూలు బొడేగాలో ఆ గుడ్డు బేకన్ వేగిన పెనం మీదే, చాలాసార్లు ఆ కొవ్వులోనే వేగుతుంది. అట్లకాడ కూడా అదే. "నో మీట్" అని చెబితే మాంసం ముక్క పెట్టరు, అంతవరకే. పెనం మారదు. "కెన్ యూ కుక్ ఇట్ ఇన్ ఎ సెపరేట్ పాన్?" అని అడగొచ్చు. రద్దీ లేని వేళ కొందరు ఒప్పుకుంటారు, చాలా షాపుల్లో వేరే పాత్రే ఉండదు. పక్కకి గీకి శుభ్రం చేసి వేస్తామంటే అది మీకు సరిపోతుందో లేదో మీరే నిర్ణయించుకోవాలి.

దీనికి నమ్మకమైన దారి ఒకటుంది, మనవాళ్లలో చాలామందికి తెలియదు. కోషర్ డెయిరీ బేగెల్ షాపు. యూదుల ఆహార నియమం ప్రకారం మాంసం, పాల పదార్థాలు కలవకూడదు. అందుకే కోషర్ ధ్రువీకరణ ఉన్న చోట చీజ్ అమ్ముతుంటే, ఆ వంటింట్లోకి మాంసం రాదు. పెనం, అట్లకాడ, కత్తి దేనికీ మాంసం తగలదు. చేపలు మాత్రం ఉంటాయి (స్మోక్ చేసిన సాల్మన్, ట్యూనా సలాడ్). చేప కూడా తగలకూడదంటే కత్తి మార్చమని అడగండి. కిటికీలోనో గోడ మీదో వేలాడే ధ్రువపత్రంలో "డెయిరీ" అని ఉందో లేదో చూసుకోండి. బోర్డు మీద పంది బేకన్ ఉందంటే అది కోషర్ షాపు కాదు, ఎంత యూదు పేరున్నా సరే. బ్రూక్లిన్‌లో మిడ్‌వుడ్, బరో పార్క్, క్వీన్స్‌లో క్యూ గార్డెన్స్ హిల్స్, న్యూజెర్సీలో టీనెక్ వైపు ఇలాంటివి వెతకండి. ఎడిసన్‌లో ఉండేవాళ్లకు పక్కనే ఉన్న హైలాండ్ పార్క్ దగ్గర. రెండు హెచ్చరికలు: శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం సాయంత్రం దాకా మూసి ఉంటాయి, మార్చి, ఏప్రిల్ నెలల్లో వచ్చే పాస్‌ఓవర్ పండుగ రోజుల్లో పులిసిన పిండితో చేసిన రొట్టెలు అమ్మరు.

*గుడ్డు కూడా తిననివాళ్లు.* బేగెల్ విత్ క్రీమ్ చీజ్, లేదా బటర్డ్ రోల్. వీటికి పెనంతో పనిలేదు, "నాట్ ఆన్ ద గ్రిల్" అని చెప్పండి. ఎగ్ బేగెల్, బ్రియోష్, హల్లా (యూదుల జడ అల్లిక రొట్టె) పిండిలోనే గుడ్డు ఉంటుంది. రోల్ మీద నిగనిగ కోసం గుడ్డు పూసి ఉండొచ్చు, అడిగి తీసుకోండి. పాల పదార్థాలూ వద్దంటే చాలా బేగెల్ షాపుల్లో టోఫూతో చేసిన స్ప్రెడ్ దొరుకుతుంది.

7. ఆర్డర్ ఒక్క వాక్యంలో చెప్పండి

వరస ఇది: లోపల ఏమిటి, దేని మీద, ఏం చల్లాలి.

"ఎగ్ అండ్ చీజ్ ఆన్ ఎ రోల్, టోస్టెడ్, సాల్ట్ పెప్పర్."

మొదటిసారి ఇదే అడగండి, ప్రతి షాపులోనూ ఇదే అడగండి. బేకన్ వద్దు, కెచప్ వద్దు. బేకన్ ఉప్పూ కెచప్ తీపీ గుడ్డులోని లోపాన్ని, రోల్ పాతదనాన్ని కప్పేస్తాయి. షాపు నచ్చాక మీ ఇష్టం వచ్చినవి చేర్చుకోవచ్చు.

కెచప్ కావాలంటే "సాల్ట్ పెప్పర్ కెచప్" అని ఒకే మాటగా అంటారు. కొందరు అడగకుండానే వేస్తారు, వద్దంటే ముందే చెప్పాలి. కారం కావాలంటే "హాట్ సాస్" అడగండి. అది పుల్లటి కారం, మన పచ్చిమిరప ఘాటు రాదు. మెనూలో హాలపీన్యో మిరప ఉంటే గుడ్డుతో పాటు పెనం మీద వేయించమనండి. మన నాలుకకు అది బాగా నప్పుతుంది.

గుడ్డు ఎలా కావాలని అడిగితే:

- ఓవర్ హార్డ్: పచ్చసొన పగలగొట్టి రెండు వైపులా పూర్తిగా వేయించినది. నడుస్తూ తినడానికి ఇదే.
- ఓవర్ ఈజీ: పచ్చసొన కారుతుంది. చొక్కా జాగ్రత్త. గర్భిణులు, చిన్నపిల్లలు, వృద్ధులు ఇది తీసుకోకూడదు.
- స్క్రాంబుల్డ్: గిలక్కొట్టి మడిచినది. ఆమ్లెట్ అలవాటున్నవాళ్లకు దగ్గరగా ఉంటుంది.

ఏమీ చెప్పకపోతే షాపు అలవాటు ప్రకారం చేస్తారు. సాధారణంగా రెండు గుడ్లు వేస్తారు. ఒక్కటే వేసే చోట్లు కూడా ఉన్నాయి కాబట్టి అనుమానం ఉంటే "టూ ఎగ్స్" అనండి.

కాఫీ కూడా తీసుకుంటుంటే ఒక మాట. ఇక్కడ "రెగ్యులర్ కాఫీ" అంటే పాలు, పంచదార కలిపినది. రెండూ వద్దంటే "బ్లాక్" అనాలి.

"సర్", "ఎక్స్‌క్యూజ్ మీ" అంటూ ఆగకండి. గ్రిల్ మనిషి మీ వైపు తల తిప్పగానే "గుడ్ మార్నింగ్, బాస్" అని వెంటనే ఆర్డర్ చెప్పడం ఇక్కడి మర్యాద.

8. డబ్బు

చాలా బొడేగాల్లో వెనక గ్రిల్ దగ్గర ఆర్డర్ చెప్పి, ముందున్న కౌంటరు దగ్గర డబ్బు కట్టాలి. మీరు ఏం తీసుకున్నారో మీరే చెప్పాలి. ధర పేటను బట్టి మారుతుంది. మన్‌హట్టన్ ఆఫీసుల మధ్య ఎక్కువ, బ్రాంక్స్, క్వీన్స్ నివాస వీధుల్లో తక్కువ. శాండ్‌విచ్ మీద నగరంలో 8.875 శాతం పన్ను ఉంటుంది, అంటే బోర్డు మీద 6 డాలర్లుంటే చేతినుంచి 6.53 పోతుంది. న్యూజెర్సీలో 6.625 శాతం. న్యూయార్క్‌లో కోయకుండా ఇచ్చి ఇంటికి పట్టుకెళ్లే ఉత్త బేగెల్‌కు పన్ను లేదు. కోసినా, ఏదైనా పూసినా పన్ను పడుతుంది.

క్రెడిట్ కార్డుకి కనీస మొత్తం పెట్టడం చట్టప్రకారం చెల్లుతుంది (10 డాలర్ల వరకు). అందుకే నగదు. 2020 నవంబరు నుంచి నగరంలో షాపులు నగదు వద్దనకూడదు. టిప్ బలవంతం లేదు. రోజూ వెళ్లే చోట అప్పుడప్పుడు గ్రిల్ దగ్గరి డబ్బాలో ఒక డాలరు వేయడం మంచి అలవాటు.

9. విప్పి పరీక్షించండి

అల్యూమినియం రేకులో చుట్టి ఇస్తారు. వెంటనే విప్పకండి. ఒకటి రెండు నిమిషాలు ఆగితే లోపలి ఆవిరికి చీజ్ పూర్తిగా కరుగుతుంది, రోల్ పైపొర నమలడానికి అనువుగా మెత్తబడుతుంది. పదిహేను నిమిషాలు దాటితే అదే ఆవిరి రోల్‌ని తడిపేస్తుంది. రైల్లో తినాలనుకుంటే రేకు ఒక కొస తెరిచి ఉంచండి. "కట్ ఇన్ హాఫ్" అని చెప్పి ఉంటే కోత కనిపిస్తుంది. అక్కడ చూడండి:

- గుడ్డు రోల్ అంచుదాకా ఉందా, మధ్యలో ముద్దగా ఉండి చుట్టూ ఉత్త రొట్టే మిగిలిందా?
- చీజ్ గుడ్డుకు అతుక్కుపోయిందా, పలక ఆకారం ఇంకా కనబడుతోందా?
- రోల్ అడుగు వేలితో నొక్కండి. పొడిగా ఉండాలి. నూనె ఓడుతుంటే పెనం సరిగా కాగలేదు.
- తెల్లసొన అంచు లేత గోధుమరంగులో కరకరలాడితే బాగా చేశాడు. పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం ఉంటే అతిగా ఉడికించి నిలవ ఉంచినది.
- ఉప్పు, మిరియాలు ప్రతి కొరుకులో తగులుతున్నాయా, ఒకచోటే కుప్పగా పడ్డాయా?

ఐదింటిలో నాలుగు బాగుంటే ఆ షాపు ఉంచుకోండి. ఫోనులో షాపు పేరుతో పాటు వారం, వేళ కూడా రాసుకోండి, ఎందుకంటే మీకు నచ్చింది ఆ వేళ గ్రిల్ దగ్గర ఉన్న మనిషి పని. మూడు షాపులూ వేర్వేరు రోజుల్లో, అదే వేళకి, అదే ఆర్డర్‌తో చూశాక నిర్ణయించండి.

ఎక్కువగా చేసే తప్పులు

*యాప్‌లో తెప్పించుకోవడం.* అరగంట రేకులో ఆవిరిపట్టిన రోల్ మీ తలుపు దగ్గరికి తడిగుడ్డలా వస్తుంది. ఆ షాపు ఎంత మంచిదైనా ఇంతే. తప్పనిసరైతే రోల్ బాగా కాల్చమని, సాస్ విడిగా ఇవ్వమని రాయండి.

*పొడవాటి క్యూని నమ్మేయడం.* మన్‌హట్టన్ నడిబొడ్డున మిడ్‌టౌన్‌లో పర్యాటకులు నిలబడే క్యూ ఒక వీడియో చూసి వచ్చినదై ఉండొచ్చు. క్యూ వేగం చూడండి. బొడేగాలో ఆర్డర్ నుంచి చేతికి మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది. అర నిమిషంలో ఇస్తే ముందే చేసి పెట్టినది.

*అన్ని కాఫీ బండ్లనూ ఒకటిగా చూడటం.* కొన్ని బండ్లలో చిన్న గ్రిల్ ఉంటుంది, వాళ్లు ఎదురుగా వండి ఇస్తారు. మిగతావాటిలో పొద్దున్నే కట్టి తెచ్చిన బేగెల్స్, డోనట్స్ మాత్రమే. బండి కిటికీలోంచి పెనం కనబడకపోతే వెన్న రాసిన రోల్, కాఫీతో సరిపెట్టుకోండి.

*శని, ఆదివారాల్లో తొమ్మిది తర్వాత బేగెల్ షాపుకి వెళ్లడం.* కుటుంబాలు డజన్ల లెక్కన కొంటుంటాయి, మీ గుడ్డు వెనకబడుతుంది. ఎనిమిదికి ముందే వెళ్లండి.

*అవకాడో, హాష్ బ్రౌన్ (బంగాళాదుంప తురుముతో వేయించిన బిళ్ల), రెండు రకాల మాంసం అన్నీ ఒకేసారి.* రోల్ మోయలేదు, రెండో కొరుకుకే విడిపోతుంది. హాష్ బ్రౌన్ కావాలంటే పక్కన పెట్టించుకోండి.

చుట్టుపక్కల ఏదీ కుదరకపోతే

బేకరీలో లేదా సూపర్‌మార్కెట్ బేకరీ అరలో ఉదయం కైజర్ రోల్ కొనండి. రెండు గుడ్లు, రెండు పలకల అమెరికన్ చీజ్, చెంచా వెన్న చాలు. జంతువుల నుంచి తీసిన ఎంజైమ్ వద్దనుకుంటే చీజ్ ప్యాకెట్ మీద "ఎంజైమ్స్" పక్కన ఏముందో చదవండి. మైక్రోబియల్ (సూక్ష్మజీవుల నుంచి తీసినది) అని ఉంటే పర్వాలేదు. రోల్ కోసి సగం వెన్నతో పెనం మీద కాల్చి పక్కన పెట్టండి. మిగతా వెన్న వేసి, మధ్యస్థ మంట మీద గుడ్లు పగలగొట్టి, పచ్చసొనలు చిదిపి, ఉప్పు మిరియాలు చల్లండి. తెల్లసొన గట్టిపడగానే తిప్పి, వెంటనే చీజ్ పరిచి, రోల్ వెడల్పుకి మడవండి. అర నిమిషంలో దించి రోల్‌లో పెట్టి, రేకులో బిగించి ఒక నిమిషం ఉంచండి. చీజ్ కరగకపోతే మంట తగ్గిపోయిందని అర్థం. గుడ్డు అంచులు మాడితే మంట ఎక్కువైంది. రోల్ అడుగు తడిస్తే రేకులో ఉంచిన సమయం ఎక్కువైంది, ఈసారి అర నిమిషమే ఉంచండి.